విదేశీ క్లబ్‌కి ఆడితే సొంత దేశం జట్టు చేజారినట్టేనా?

చేజారదు, విదేశీ క్లబ్‌కి ఆడినంత మాత్రాన రగ్బీ యూనియన్ (జట్టుకి 15 మంది ఆడే రగ్బీ) ఫార్వర్డ్‌కి, అంటే బంతి కోసం ముందుండి పెనుగులాడే ఆటగాడికి, సొంత దేశానికి ఆడే అర్హత పోదు. అడ్డుపడితే గిడితే సొంత బోర్డే పడాలి. న్యూజిలాండ్ మామూలుగా స్వదేశంలో ఆడేవాళ్లనే తీసుకుంటుంది, దక్షిణాఫ్రికాకి ఆ పట్టింపు లేదు. లైనవుట్‌లో, అంటే మైదానం పక్కకి పోయిన బంతిని తిరిగి లోపలికి విసిరినప్పుడు, తోటివాళ్లు పైకెత్తితే గాల్లోనే బంతి అందుకునే ఫార్వర్డ్‌ని లాక్ అంటారు. అలాంటి పొడుగాటి లాక్ ఆర్.జి. స్నైమన్, ఐర్లాండ్‌లోని మన్‌స్టర్ జట్టు ఆటగాడిగా ఉంటూనే 2023 ప్రపంచకప్ గెలిచిన దక్షిణాఫ్రికా జట్టులో ఉన్నాడు.

కాంట్రాక్ట్ కుదిరితే దేశం మారినట్టేనని చాలామంది పొరపడతారు. గుంటూరులో ఐపీఎల్ చూసేవాళ్లకి చెప్పాలా, హైదరాబాద్‌కి ఆడినా వార్నర్ ఆస్ట్రేలియావాడేగా! అక్కడ పుట్టక, తల్లిదండ్రులు, తాతమామ్మలూ అక్కడివాళ్లు కాకపోతే, కొత్త దేశానికి ఆడాలంటే సాధారణంగా వరుసగా 60 నెలలు ఆ దేశపు రగ్బీ బోర్డులో నమోదై ఉండాలి.