పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేవకపోతే ముందు ఎక్కడ చూడాలి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. బావగారి ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వేద్దామని పెన్‌డ్రైవ్ నుంచి లేపబోతే ఎర్రర్ వచ్చిందని నువ్వు పంపిన ఫొటో చూశాను. నల్లటి స్క్రీన్, కింద బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మాట, దానికి పైన లైవ్ ఫైల్ సిస్టమ్ ఉన్న మీడియం దొరకలేదన్న మెసేజ్. బయోస్‌లోకి, అంటే మెషీన్ సొంత సెట్టింగుల్లోకి వెళ్లి, గుర్తింపు లేని బూట్ ప్రోగ్రామ్‌లను ఆపే సెక్యూర్ బూట్ తీసెయ్యమని నీ ఫ్రెండ్ చెప్పిందని రాశావు. దయచేసి ఇప్పుడే ఆ పని చెయ్యకు. నీకు వచ్చిన ఎర్రర్‌కీ సెక్యూర్ బూట్‌కీ సంబంధం లేదు. పైగా బావగారి ల్యాప్‌టాప్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, ఆ సెట్టింగ్ మార్చిన తరవాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది దగ్గర లేకపోతే ఆయన ఫైళ్లన్నీ లోపలే ఉండిపోతాయి. పెన్‌డ్రైవ్ సమస్యను ఇంట్లో అందరి సమస్యగా మార్చుకోవద్దు.

ఇలాంటప్పుడు పిల్లలు చేసే పని ఒకటే. ఎర్రర్ రాగానే పెన్‌డ్రైవ్ మళ్లీ రాస్తారు, మళ్లీ అదే ఎర్రర్, మళ్లీ రాస్తారు. అలా కాదు. మెషీన్ ఎంతదూరం వచ్చి ఆగిందో ముందు చూడాలి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేవాలంటే మొదట ల్యాప్‌టాప్‌లోనే ఉండి అన్నిటికంటే ముందు నడిచే ఫర్మ్‌వేర్ దాన్ని గుర్తించాలి. తరవాత గ్రబ్ అనే బూట్‌లోడర్ నడిచి మెనూ చూపించాలి. ఆ తరవాత లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, దానితోపాటు ఒక చిన్న తాత్కాలిక సిస్టమ్ మెమరీలోకి ఎక్కుతాయి. నీ ఫొటోలోని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇదే. చివరగా ఆ తాత్కాలిక సిస్టమ్ తనంతట తాను పెన్‌డ్రైవ్‌ను మళ్లీ వెతికి, అందులోని అసలు పెద్ద ఫైల్‌ను తెరవాలి. నీది మూడు మెట్లూ దాటి నాలుగో మెట్టు దగ్గర ఆగింది. సెక్యూర్ బూట్ అడ్డుపడేది రెండో మెట్టు దగ్గర. అది అడ్డుపడి ఉంటే నీకు ఈ మెసేజ్ కనిపించేదే కాదు.

ఒకసారి చదవగలిగిన పెన్‌డ్రైవ్ రెండోసారి ఎందుకు దొరకలేదని నీకు సందేహం రావచ్చు. మొదటిసారి చదివింది ఫర్మ్‌వేర్, తన సొంత పద్ధతిలో. రెండోసారి చదవాల్సింది లినక్స్ కెర్నెల్, తన డ్రైవర్లతో. మధ్యలో యూఎస్‌బీ పోర్టును కెర్నెల్ మళ్లీ మొదటినుంచి పలకరిస్తుంది. పోర్టు వదులుగా ఉన్నా, పెన్‌డ్రైవ్ నాసిరకమైనా, అందులోకి ఎక్కిన ఫైల్ దెబ్బతిన్నా అక్కడే బయటపడుతుంది. అందుకే మొట్టమొదట పోర్టు మార్చి చూడు. లోపల నీలంరంగు ప్లాస్టిక్ ఉన్నది సాధారణంగా యూఎస్‌బీ 3. పక్కనే నల్లది ఉంటే అందులో పెట్టు. హబ్ గానీ ఎక్స్‌టెన్షన్ వైరు గానీ వాడుతుంటే తీసెయ్యి.

మీ ఇల్లు పెదవాల్తేరులో, సముద్రానికి అంత దగ్గర. మన ఊళ్లో ఉప్పుగాలికి గేట్లు, గ్రిల్స్ ఎలా తుప్పు పడతాయో చూస్తూనే ఉన్నావు కదా. యూఎస్‌బీ పోర్టులో ఉండే సన్నని రేకులూ అంతే. బీచ్ వైపు ఇళ్ల నుంచి రిపేరుకు వచ్చే మెషీన్లలో పోర్టులు పచ్చబడి ఉండడం నేను చాలా చూశాను. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసి, వీలైతే బ్యాటరీ కూడా తీసి, టార్చ్ వేసి చూడు. మసకబారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల కొద్దిగా తడిపి మెల్లగా తుడిచి, బాగా ఆరిన తరవాతే ఆన్ చెయ్యి. నీళ్లు వద్దు, పిన్నీసుతో గీకడం అసలే వద్దు.

పోర్టు బాగానే ఉంటే ఇక ఫైల్ సంగతి. ఉబుంటు 24.04 ఐఎస్ఓ, అంటే సిస్టమ్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉన్నది, ఆరు జీబీకి అటూఇటూ ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకున్నానన్నావు. మధ్యలో సిగ్నల్ తెగితే ఫైల్ అసంపూర్ణంగా మిగిలిపోవచ్చు, చూడ్డానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. సైజు చూసి నమ్మకు. డౌన్‌లోడ్ ఇచ్చే చోటే ఎస్‌హెచ్‌ఏ256 అని 64 అక్షరాల కోడ్ ఇస్తారు. నీ కంప్యూటర్‌లో సెవెన్‌జిప్ ఉంటే ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అనే మెనూలో ఎస్‌హెచ్‌ఏ256 నొక్కు. వచ్చిన కోడ్‌ను వాళ్లిచ్చిన దానితో పోల్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ పనికిరాదు, మళ్లీ దించుకోవాలి. రెండు నిమిషాలు పట్టే ఈ పని చెయ్యమంటే అందరూ బద్ధకిస్తారు. నా మాట విని నువ్వు మాత్రం మానకు. ఇది తేలకుండా మిగతావి ఎన్ని చేసినా చీకట్లో తడుముకోవడమే.

తరవాత పెన్‌డ్రైవ్. జగదాంబ దగ్గర రోడ్డు పక్కన తక్కువ ధరకు దొరికిందని రాశావు. దాని మీద 64 జీబీ అని ఉన్నంత మాత్రాన లోపల అంత ఉండాలని లేదు. లోపల 8 జీబీ చిప్పు పెట్టి, కంట్రోలర్ చేత 64 అని చెప్పించే నకిలీలు బజార్లో ఉన్నాయి. నిజంగా ఉన్న చోటు అయిపోయాక రాసేదంతా గాలిలో కలిసిపోతుంది, రాసే ప్రోగ్రామ్ మాత్రం అయిపోయిందని చెబుతుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే చిన్న ప్రోగ్రామ్‌లు డ్రైవ్ నిండా డేటా రాసి, తిరిగి చదివి, నిజం చెప్పేస్తాయి. టైమ్ పడుతుంది, రాత్రి పెట్టి పడుకో. అనుమానంగా ఉంటే డాబాగార్డెన్స్‌లో బిల్లు ఇచ్చే షాపులో మంచి కంపెనీది ఒకటి కొనుక్కో. 8 జీబీ సరిపోతుంది, 16 ఉంటే నిశ్చింత.

ఇక రాసే పద్ధతి. మొదట నువ్వు ఐఎస్ఓ ఫైల్‌ను మామూలుగా కాపీ చేయబోతే, గమ్యస్థానానికి ఫైల్ మరీ పెద్దదని విండోస్ ఒప్పుకోలేదన్నావు. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, అందుకే ఆ మాట అంది. ఒకవేళ కాపీ అయినా లాభం లేదు. పార్సిల్ విప్పకుండా బీరువాలో పెట్టినట్టే ఉంటుంది. ఐఎస్ఓలో ఉన్నది పెన్‌డ్రైవ్ మీద పరుచుకోవాలి, బూట్ కావడానికి కావలసిన భాగాలు వాటి చోట వాటికి చేరాలి. ఆ పని రూఫస్, బలేనా ఎచర్ లాంటి ప్రోగ్రామ్‌లు చేస్తాయి. వెంటాయ్ మాత్రం వేరే రకం. ఒకసారి దాన్ని పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాల్ చేస్తే, ఆ తరవాత ఐఎస్ఓ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకోవచ్చు. నాకు అది ఇష్టమే గానీ మొదటిసారి చేసేవాళ్లకు రూఫస్ చాలు.

రూఫస్‌లో స్టార్ట్ నొక్కగానే ఐఎస్ఓ మోడ్‌లో రాయమంటావా, డీడీ మోడ్‌లో రాయమంటావా అని అడుగుతుంది. నువ్వు మొదటిది ఒప్పుకున్నావు. మామూలుగా అదే చాలు. అందులో ఫైళ్లను విడివిడిగా పెన్‌డ్రైవ్ మీదకు తెస్తుంది. అలా రాసినది నీకు వచ్చినట్టు మధ్యలో ఆగిపోయినా, ఎల్‌డీలినక్స్ అనే ఫైల్ దొరకలేదని అరిచినా, గ్రబ్ మెనూ రాకుండా వట్టి ప్రాంప్ట్ దగ్గర నిలిచినా ఈసారి డీడీ మోడ్‌లో రాయి. ఐఎస్ఓ ఎలా తయారైందో బైటు బైటూ అలాగే పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కుతుంది. ఫెడోరా లాంటి వేరే లినక్స్‌లు పెన్‌డ్రైవ్‌ను దాని లేబుల్ పేరుతో వెతుక్కుంటాయి, ఆ పేరు మారితే తెల్లమొహం వేస్తాయి. డీడీ మోడ్‌లో ఆ బాధ ఉండదు.

డీడీ మోడ్‌లో రాశాక విండోస్ ఒక మాట అంటుంది. డ్రైవ్‌ను వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యనా అని. క్యాన్సిల్ నొక్కు. లినక్స్ ఫార్మాట్ దానికి అర్థం కాక అడుగుతోంది, అంతే. కంగారుపడి ఎస్ నొక్కావంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

రాస్తుండగా యాక్సెస్ డినైడ్ అని వస్తే ముందు పెన్‌డ్రైవ్ తెరిచి ఉన్న ఫోల్డర్ విండోలు మూసెయ్యి. అప్పటికీ రాకపోతే విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉందేమో చూడు, పని అయ్యేదాకా ఆపి తరవాత మళ్లీ ఆన్ చెయ్యి. బావగారి ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలబడదని తెలుసు. ఈ వానల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, కాబట్టి రాసే పని వేరే మెషీన్ మీద చేసుకో. మీ అన్నయ్య లినక్స్ మెషీన్‌లో డీడీ కమాండ్‌తో రాస్తానంటే మాత్రం పక్కనే కూర్చో. అది ఏమీ అడగదు, చెప్పిన డిస్క్‌ను తుడిచిపారేస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి డిస్క్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి కొత్తగా వచ్చిన పేరు ఏదో సైజుతో సహా చూసుకోవాలి. అది ఎస్‌డీబీ అయితే ఎస్‌డీబీకే రాయాలి, చివర 1 ఉన్న ఎస్‌డీబీ1కి కాదు. అది ఒక పార్టిషన్, అంటే డిస్క్‌లో ఒక భాగం మాత్రమే, దానికి రాస్తే బూట్ కాదు.

ఇవన్నీ అయ్యాక బూటబుల్ డివైస్ లేదన్న మాట వస్తే, అప్పుడు మెషీన్ వైపు చూడాలి. అది మొదటి మెట్టు. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ అని గానీ లెగసీ అని గానీ ఉంటుంది. మొదటిది కొత్త పద్ధతి, రెండోది పాతది. యూఈఎఫ్ఐ అయితే రూఫస్‌లో పార్టిషన్ పద్ధతి జీపీటీ, లెగసీ అయితే ఎంబీఆర్. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే యూజ్ ఎ డివైస్ అనే దారి కూడా దొరుకుతుంది. షట్‌డౌన్ చేసినా విండోస్‌ను పూర్తిగా ఆగనివ్వని ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న మెషీన్లకు మామూలు షట్‌డౌన్ కంటే ఇదే మేలు. బూట్ మెనూ కోసం డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ తరవాత ఎఫ్9, ఆసస్ ల్యాప్‌టాప్‌లకు ఎక్కువగా ఎస్కేప్. మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, యూఈఎఫ్ఐ మెషీన్‌లో పేరుకు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకో.

సెక్యూరిటీ వయొలేషన్ అనో, షిమ్ ఎస్‌బ్యాట్ డేటా అనో తిడితే అప్పుడు సెక్యూర్ బూట్ గురించి ఆలోచిద్దాం. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తరవాత పాత బూట్‌లోడర్లున్న ఐఎస్ఓలను చాలా మెషీన్లు తిరస్కరించాయి. అక్కడ కూడా ముందు చేయాల్సింది కొత్త ఐఎస్ఓ తెచ్చుకోవడం. ఉబుంటు, ఫెడోరా, మింట్ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే లేస్తాయి. తీసెయ్యక తప్పని పరిస్థితి వస్తే ముందు బావగారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ కీ ఉందేమో చూసి కాగితం మీద రాసిపెట్టు. ఆయన ఊళ్లో ఉన్నప్పుడే చెయ్యి.

మెనూ వచ్చి, ఆ తరవాత స్క్రీన్ నల్లగా అయిపోతే గ్రాఫిక్స్ తగాదా. మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకుంటే చాలాసార్లు తీరిపోతుంది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఆ ల్యాప్‌టాప్‌కు లినక్స్ వేద్దామన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. నడుస్తున్న మెషీన్‌ను పాతసామాన్లకు ఇవ్వాల్సిన పని లేదు. అయితే అందులో 4 జీబీ ర్యామే ఉందన్నావు, దానికి ఉబుంటు బరువు. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టమంటాను. దాని ఐఎస్ఓ సుమారు 3 జీబీయే, మళ్లీ దించుకోవాల్సి వచ్చినా భారం కాదు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటవద్దు. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైవ్ డెస్క్‌టాప్ వచ్చాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకు. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకో. బావగారి ఫొటోలు, పెన్షన్ కాగితాలు, మీ అమ్మ పాటల రికార్డింగులు వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీలు తెరుచుకుంటున్నాయని ఇంకో మెషీన్‌లో చూసుకున్న తరవాతే ముందుకు వెళ్లు. ఇన్‌స్టాలర్ మధ్యలో ఎరేజ్ డిస్క్ అనే ప్రశ్న వస్తుంది. అక్కడ ఆగి నాకు ఫోన్ చెయ్యి. వీడియో కాల్‌లో స్క్రీన్ చూపిస్తే ఇద్దరం కలిసి చదివి నొక్కుదాం. వీలైతే ఆదివారం పొద్దున్న పెట్టుకో, ఆ రోజు ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ మావయ్య