శంఖుపువ్వు, శంఖం, కోరంగి

కాకినాడ

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. మీ అమలాపురం ఇంటి దడి మీద శంఖుపువ్వు, పూజగదిలో శంఖం, అన్నవరం దగ్గరి శంఖవరం. మొక్కకూ, సముద్ర జీవికీ, ఊరికీ ఒకే పేరేమిటా అని నువ్వు ఆశ్చర్యపోయిన తీరు నాకెంతో నచ్చింది. సముద్రంలో విలస, గోదావరి ఎక్కితే పులస అన్న సంగతిని ఇందులోకి లాక్కురాకపోవడం కూడా మంచిదయింది. అది ఒకే చేపకు రెండు పేర్లున్న కథ, నీ కథ దానికి తలకిందులు.

నా పేచీ ఒక్క వాక్యంతోనే. "ఈ మూడూ ఒక తల్లి బిడ్డలే" అని రాసేశావు. ఇంటిపేరు కలిసినవాళ్లంతా చుట్టాలవుతారా? గోత్రం కనుక్కోకుండా మన ఇళ్లలో సంబంధం ఖాయం చేస్తారా? మాటలనూ అలాగే విచారించాలి.

పువ్వు సంగతిలో సాక్ష్యం కంటికే దొరుకుతుంది. ఒక శంఖుపువ్వు కోసి పక్కనుంచి చూడు. చుట్టూ విచ్చుకున్న నీలం, లోపలికి పోయే కొద్దీ తెలుపు, లేత పసుపు. ఆ గొంతును చూసినవాడికి శంఖం నోరు గుర్తొచ్చి ఉంటుంది. ఇది పోలిక తెచ్చిన పేరు. మన పాతవాళ్లు దీన్నే దింటెన అన్నారు. ఆ మాటను ఒక్కసారైనా వాడు, పోనివ్వకు. దీని శాస్త్రనామంలో రెండో మాట టెర్నాటియా. అది ఇండోనేషియాలోని టెర్నాటే దీవి నుంచి వచ్చింది. అంటే మీ దడి మీది తీగ సముద్ర జీవి పేరుతో పాటు ఒక ఊరి పేరునూ మోస్తోంది. నీ వ్యాసానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక శంఖం. "తెల్లని శంఖం నీళ్లలో మెల్లగా కదిలింది" అన్నావు. బతికున్న శంఖం తెల్లగా ఉండదమ్మా. దాని మీద ముదురు గోధుమరంగు తోలులాంటి పొర ఉంటుంది. అది నత్త జాతి, ఇసుకలో తిరుగుతూ పురుగులను తింటుంది. ఆ పొర గీకేసి, శుభ్రం చేశాకే మనకు తెల్లదనం కనబడుతుంది. శంఖంలో పోస్తేనే తీర్థం అంటూ పెరిగిన మనం ఆ నత్తను ఎన్నడూ తలుచుకోలేదు. నువ్వు తలుచుకున్నావు కాబట్టే దాన్ని ఉన్నదున్నట్టు చూపించమంటున్నాను.

శంకుస్థాపనను కూడా ఈ కుటుంబంలో కలిపావు. అది శంకు, అంటే మేకు. ఒత్తు లేదు. పునాది దగ్గర పాతేది మేకునే గాని శంఖాన్ని కాదు. ఆ పేరా మొత్తం కొట్టేశాను.

నీ వ్యాసంలో తాతగారు జ్ఞాపకశక్తికి శంఖపుష్పి నూరి ఇస్తాడు. ఏ మొక్క నూరాడు? ఆయుర్వేదంలో ఆ పేరు ఒక్క మొక్కది కాదు. కేరళలో వాడేది ఈ దడి తీగనే. ఉత్తరాదిన అదే పేరుతో నేలమీద పాకే వేరే మొక్కను వాడతారు. కొందరు మన విష్ణుక్రాంతను కూడా శంఖపుష్పి అంటారు. తాతగారి చేతిలో ఉన్న ఆకును చూడకుండా ఆ వాక్యం రాయకూడదు.

నన్ను చిన్నప్పుడు తప్పుదారి పట్టించిన పేరు కోరంగి. అమరకోశం వల్లె వేస్తుంటే చిన్న ఏలకుల పేర్లలో 'కోరంగీ' వచ్చింది. మన కోరంగి రేవులో ఏలకులు దిగేవని, అందుకే ఆ పేరని ఊహించి ఒక కథ రాసేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆధారం మాత్రం నా ఊహే. ఆ కథను నేను మళ్లీ ఎక్కడా అచ్చుకు ఇవ్వలేదు.

అసలు కథ దానికన్నా పెద్దది. 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు ముంచెత్తిన రేవు అది. అక్కడి నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో కోరంగీలు అన్నారు. కోరంగి ప్యాకెట్ అనే ఓడ 1845లో ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న పగడాల సముద్రంలో బద్దలైంది. అక్కడి చిన్న దీవులకు ఆ ఓడ పేరే మిగిలింది. వాటిని కలుపుకున్న రక్షిత ప్రాంతంలో ఆకుపచ్చ సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. మన కోరంగి మడ అడవికి ఎదురుగా, హోప్ దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇక్కడ పేరును మోసిన ఓడ ఉంది, అది మునిగిన ఏడాది ఉంది. ఏలకులను మోసుకొచ్చిన పడవ ఏదీ నాకు దొరకలేదు.

ఇక మిగిలింది శంఖవరం. బస్సెక్కి వెళ్లు. ఆ పేరు గురించి పెద్దవాళ్లను అడుగు. ఇద్దరు రెండు కథలు చెబితే రెండూ రాసుకో, ఎవరిది వాళ్ల మాటగానే ఉంచు. వ్యాసాన్ని మాత్రం ఆ గోధుమరంగు తోలుతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. వచ్చేటప్పుడు మీ దడి మీది దింటెన కాయలు ఎండినవి నాలుగు తీసుకురా, మా పెరట్లో వేసుకుంటాను.