బ్రేకులు మార్చాలన్నారా? మిల్లీమీటర్లు అడగండి

ప్రశ్న: హైదరాబాదు నుంచి వచ్చి మూడు నెలలైంది. న్యూజెర్సీలో 48,000 మైళ్ళు తిరిగిన పాత కారు కొన్నాం. ఆయిల్ మార్పించడానికి వెళితే నాలుగు చక్రాలకూ బ్రేకు ప్యాడ్లు, రోటర్లు (ప్యాడ్లు పట్టి ఆపే డిస్కులు) వేయాలని చీటీ రాసిచ్చారు. అక్కడ మా కారుకి 30,000 కిలోమీటర్లకే ప్యాడ్లు అయిపోయేవి. ఇక్కడ ఎన్నాళ్ళు రావాలి?

జవాబు: 30,000 కిలోమీటర్లంటే 18,600 మైళ్ళే. అమీర్‌పేట, పంజగుట్ట సిగ్నళ్ళ మధ్య తిరిగే బండికి అది మామూలే. అమెరికాలో 30,000 నుంచి 70,000 మైళ్ళ దాకా వస్తాయి. హైబ్రిడ్లలో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి లక్ష మైళ్ళు దాటడమూ ఉంది. ఇంత తేడా ఉన్న అంకెతో మీ కారు సంగతి తేలదు. షాపువాళ్ళని ఒక్కటే అడగండి: ఏ చక్రానికి ఎన్ని మిల్లీమీటర్ల ప్యాడ్ మిగిలింది?

కొత్త ప్యాడ్ మందం వెనక ఉండే ఇనుప రేకు కాకుండా 10 నుంచి 12 మిల్లీమీటర్లు. వెనక చక్రాలవి కొంచెం పలచన. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చెయ్యాలి, బేరం లేదు. 5 ఉంటే ఇంకా కొన్నాళ్ళు నడపొచ్చు. ప్రతి ఆయిల్ మార్పుకీ కొలత రాయించుకుంటే లెక్క మీకే తెలిసిపోతుంది. 8,000 మైళ్ళకు ఒక మిల్లీమీటరు అరిగిందనుకోండి, 6 ఉన్న ప్యాడ్ 3కి రావడానికి 24,000 మైళ్ళు పడుతుంది. మీది పాత కారు కదా, మొదటి యజమాని ప్యాడ్లు ఎప్పుడు మార్చాడో తెలియకుండా 48,000ని పట్టుకుని లెక్కేస్తే తప్పవుతుంది.

చక్రం సందులోంచి చూస్తే కనిపించేది బయటి ప్యాడే. ముందు అరిగేది ఎక్కువగా లోపలిది, అందుకే రెండూ కొలవమనండి. బయట 7, లోపల 2 ఉంటే ప్యాడ్లు మారిస్తే సరిపోదు. చాలాసార్లు ప్యాడ్లను రోటరుకు అదిమే క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు పట్టేశాయన్నమాట. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మీ రాష్ట్రంలో ఇది చాలా మామూలు. పిన్నులు తీసి శుభ్రం చేసి, రబ్బరును పాడుచేయని సిలికాన్ బ్రేక్ గ్రీజు పెట్టకపోతే కొత్త ప్యాడ్లు కూడా ఏడాదికే పోతాయి. అందుకే ఈ పని చీటీలో ఉందో లేదో మరీ మరీ చూసుకోండి.

రోటరు మామూలుగా రెండు జతల ప్యాడ్ల దాకా వస్తుంది. ఉండాల్సిన కనీస మందం దాని మీదే పోతపోసి ఉంటుంది. కొలవాల్సింది మైక్రోమీటరుతో. వెర్నియరు పెడితే అరగని అంచు గట్టు మందమే చూపిస్తుంది. కనీసానికి దగ్గర పడినా, లోతైన గాట్లు, పగుళ్ళు ఉన్నా, లోపలి వైపు తుప్పు పొరలుగా లేస్తున్నా మార్చండి. ఇవేవీ లేకపోతే ఎందుకు మార్చాలో అడగండి. మనదగ్గర డిస్కును లేతు పట్టిస్తారు. ఇక్కడ ఆ కూలీ ఒక్కోసారి కొత్త రోటరు ధరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కొత్తది వేయడమే నయం.

ఫ్రీవే వేగంలో బ్రేకు నొక్కితే స్టీరింగు వణుకుతోందా? రోటరు వంగిందంటారు. చాలాసార్లు వంగదు, చుట్టూ మందం సమంగా లేకుండా పోతుంది. చక్రం నట్లను గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగించడం అందుకు పెద్ద కారణం. ఎంత బలంతో బిగిస్తున్నారో చూపే టార్క్ రెంచితోనే బిగించమనండి: టొయోటా కరోలాకు 76 ఫుట్-పౌండ్లు, హోండా సివిక్‌కు 80. ఇంకో కారణం మన పాదమే. వేగం మీదినుంచి గట్టిగా ఆపి, కాలు తీయకుండా నొక్కే ఉంచితే వేడి ప్యాడ్ రోటరు మీద మచ్చ వేస్తుంది.

కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ళ వేగం నుంచి 5కి నెమ్మదిగా తగ్గించండి, పూర్తిగా ఆపకుండా. అరనిమిషం ఎడంతో పదిసార్లు చేస్తే ప్యాడ్, రోటరు ఒకదానికొకటి కుదురుకుంటాయి.

రాణిగంజ్‌లో పార్టు కొని మెకానిక్ చేతికిచ్చినట్టు ఇక్కడ కుదరదు. చాలా షాపులు మీరు తెచ్చింది వేయవు, వేసినా గ్యారంటీ ఇవ్వవు. అందుకని రెండు షాపుల ధర అడగండి: ముందు జతకు, వెనక జతకు వేర్వేరుగా, పార్టులూ కూలీ విడివిడిగా. సొంతంగా చేసుకునేట్టయితే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకున్న కార్లలో వెనక క్యాలిపర్ పిస్టన్‌ను బలవంతంగా నెట్టకండి, పార్కింగ్ బ్రేకు మోటారు విరుగుతుంది. ముందు ఆ బ్రేకును సర్వీస్ మోడ్‌లో (మోటారు పట్టు వదిలే స్థితిలో) పెట్టాలి.

నెలరోజులు హైదరాబాదు వెళ్ళొచ్చాక కారు తీస్తే రోటర్ల మీద ఎర్రటి తుప్పు, గరగర శబ్దం ఉంటాయి. కంగారుపడకండి, నాలుగైదుసార్లు బ్రేకు నొక్కితే పోతుంది. పది మైళ్ళు తిరిగాక కూడా శబ్దం ఉంటే చూపించండి. ఇనుము ఇనుముకు రాసుకుంటున్న మోత అయితే మాత్రం ఆ రోజే.