పాత మినీ ట్రాక్టరు గేరు గరగరమంటోందా? బండి విడదీసే ముందు పిన్నులు, బుష్షులు చూడండి

మీరు రాసింది ఇదీ: రాజోలు వైపు కొబ్బరి తోటలో వాడుతున్న 18 హార్స్‌పవర్ తరగతి మినీ ట్రాక్టరు, కొని పదిహేనేళ్లు దాటింది, క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు గరగరమంటూ పడుతోంది, బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతోంది, స్టీరింగు కాస్త తిప్పేదాకా చక్రం కదలడం లేదు. మెకానిక్ బండిని మధ్యకి విడదీసి క్లచ్ ప్లేటు మార్చాలంటున్నాడు, మార్పించాలా వద్దా అని అడిగారు. అప్పుడే మార్పించకండి అండి. మాది అంబాజీపేట పక్క, మా తోటలో ఇదే తరగతి బండి ఉంది, దాన్ని దమ్ముకీ తిప్పుతాం, కోకో వరసల మధ్యకీ తిప్పుతాం. మీరు చెప్పిన మూడు లక్షణాలూ మా బండికి ఒకేసారి వచ్చాయి, ప్లేటు ముట్టుకోకుండానే మూడూ పోయాయి. అరిగిపోయింది క్లచ్ కాదు, పెడలుకీ క్లచ్‌కీ మధ్య ఉన్న పిన్నులూ బుష్షులూ (పిన్ను తిరిగే గొట్టపు తొడుగులు), బ్రేకుకీ స్టీరింగుకీ కూడా అలాంటి జాయింట్లే.

ముందు ఒక సంగతి విడదీసి చూడాలి. ప్లేటు అరిగితే బండి జారుతుంది, అంటే ఇంజను అరుస్తుంది గానీ లోడు మీద బండి ముందుకి లాగదు. గేరు గరగరమనడం దానికి పూర్తిగా తలకిందులు, క్లచ్ పూర్తిగా వదలడం లేదని అర్థం. వదలకపోవడానికి లోపల కూడా కారణాలుంటాయి, ప్లేటు తుప్పుకి అతుక్కోవచ్చు, వంగొచ్చు, క్లచ్‌ని వదిలించే లోపలి ఫింగర్లు అరగొచ్చు, కాదనను. కానీ పాత బండిలో, అందులోనూ మన ఒండ్రు నేలలో తిరిగిన బండిలో, ముందు అనుమానించాల్సింది బయట కనపడే లింకేజీనే, అంటే పెడలుని క్లచ్‌కి కలిపే రాడ్లూ పిన్నులూ. ఇంకో మాట, ఈ చిన్న బండ్లలో చాలావాటికి సింక్రో గేర్లు (వేగాలు వాటంతటవే కలిసి మెత్తగా పడే గేర్లు) ఉండవు, క్లచ్ తొక్కిన వెంటనే గేరు వేస్తే కొత్త బండి కూడా కొంచెం గరమంటుంది. తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేసి చూడండి. అప్పుడూ అరుస్తుంటేనే కిందది చేయండి.

ఇద్దరు కావాలి. ఇంజను ఆపండి, తాళం చెవి జేబులో పెట్టుకోండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి, రోటవేటరో గుంటకో వెనకాల ఉంటే నేల మీదకి దింపేయండి, చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ఒకరు క్లచ్ పెడల్ని కాలితో కాకుండా చేత్తో మెల్లగా నొక్కాలి, రెండోవాళ్లు టార్చి వేసుకుని పెడలు కింద నుంచి క్లచ్ హౌసింగు పక్కనున్న లివరు దాకా చూస్తూ పోవాలి. పెడలు కదిలిన కాసేపటికే ఆ లివరు కూడా కదలడం మొదలై, చివరిదాకా బాగా తిరుగుతుంటే లింకేజీ బాగానే ఉంది, తప్పు లోపలే, మీ మెకానిక్ చెప్పింది నిజం. పెడలు సగం దిగినా లివరు కదలకపోతే ఆ సగం తొక్కుడు ఎక్కడో మధ్యలో పోతోంది. ఎక్కడ పోతోందో కంటికి దొరక్కపోతే ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి పెడలు ఆడించమనండి, టక్కుమని వేలికి తగులుతుంది.

మా బండిలో ఒక్క చోట కాదు, అన్ని చోట్లా కొంచెం కొంచెం పోయింది. పెడలు షాఫ్టు బుష్షులో కొంత, పెడలు కింది పిన్నులో కొంత, రాడ్డు యోక్‌లో (రాడ్డు చివర పిన్ను దూరే రెండు చెవుల ముక్కలో) కొంత, హౌసింగు లివరు రంధ్రంలో ఇంకొంత. ఒక్కోటి చూస్తే మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర, ఏముందిలే అనిపిస్తుంది. కానీ పెడలు పొడుగు, లివరు పొట్టి కాబట్టి కింద పోయిన మిల్లీమీటరు పాదం దగ్గరికొచ్చేసరికి నాలుగైదు రెట్లు అవుతుంది, నాలుగు జాయింట్లూ కలిస్తే తొక్కుడంతా ఆటకే సరిపోతుంది. అందుకే ఒక్క పిన్ను మార్చి సరిపెట్టుకోవద్దు, ఆ వరసంతా ఒకేసారి చేయించండి.

పిన్ను తీసి తుడిచి వెలుతురులో పట్టుకుని చూడండి. బాగున్న పిన్ను నిలువునా ఒకే లావుంటుంది. అరిగింది మధ్యలో నడుం సన్నబడి, ఒక పక్కనే మెరుస్తుంటుంది. ఇక రంధ్రం చూడండి, చాలామంది వదిలేసేది ఇదే. మేం తీసిన లివరులో 10 మిల్లీమీటర్ల రంధ్రం వెర్నియర్‌తో అడ్డంగా కొలిస్తే పదికి కాస్త పైన ఉంది, లాగుడు ఉన్న వైపు కొలిస్తే పన్నెండుకి దగ్గరకొచ్చింది, కోడిగుడ్డు ఆకారంలోకి పోయింది. అందులో కొత్త పిన్ను పెడితే దానికి ఒరుసుకునే చోటు ఒక సన్నటి గీత మాత్రమే మిగులుతుంది, కొత్త పిన్ను కూడా ఒక్క సీజన్‌లో పోతుంది. పిన్నుతో పాటు రంధ్రాన్నీ సరిచేయకపోతే డబ్బు దండగ.

రంధ్రం సరిచేయడానికి రెండు దారులున్నాయి. లివరు చెవి చుట్టూ తగినంత లోహం ఉంటే రంధ్రాన్ని పెద్దది చేయించి గన్‌మెటల్ బుష్షు బిగుతుగా కొట్టించడం మంచిది. బుష్షు బయటి కొలత రంధ్రం కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి, చేత్తో తోస్తే దిగిపోయే బుష్షు పనికిరాదు, లోపల పిన్నుకి పదో వంతు మిల్లీమీటరు ఖాళీ చాలు. చెవి సన్నగా ఉంటే వెల్డింగుతో నింపించి మళ్లీ రంధ్రం వేయించాలి, అది లేత్ షాపులో డ్రిల్ స్టాండు మీద వేయించండి, చేతి డ్రిల్లుతో వేస్తే వంకర పోతుంది, పిన్ను ఒక అంచునే పట్టుకుని మళ్లీ అరుగుతుంది. లివరు బండికే ఉండగా వెల్డింగు చేయించవద్దు, ఊడదీసి పట్టుకెళ్లండి. విప్పడానికి వీల్లేక బండి మీదే చేయాల్సివస్తే బ్యాటరీ వైర్లు పీకేసి, ఎర్తు పట్టీ ఆ లివరుకే దగ్గరగా పెట్టమనండి. బేరింగుల మీదుగా కరెంటు పోతే అవి పాడవుతాయి.

పిన్నులకి ఈఎన్8 అనే గట్టి రకం ఉక్కు రాడ్డు కొని టర్నింగు చేయించండి. మామూలు మెత్తటి ఇనుప రాడ్డు చవక, కానీ నిలవదు. ఇక బోల్టు సంగతి గట్టిగా చెప్పాలి. పిన్ను పోయిందని దొరికిన బోల్టు దూర్చి నట్టు బిగించడం మన దగ్గర ప్రతి ఊళ్లోనూ చేస్తారు. మరలున్న భాగం రంధ్రంలోకి వస్తే ఆ మరలే రంధ్రాన్ని కోసేస్తాయి, పైగా నట్టు బిగిస్తే యోక్ నొక్కుకుని జాయింటు తిరగదు. దమ్ము మధ్యలో సాయంత్రందాకా బండి నడవడానికైతే సరే, ఆ రాత్రే తీసేయాలి. పిన్ను ఊడకుండా చివర దూర్చి వంచే పాత స్ప్లిట్ పిన్ను కూడా మళ్లీ వాడొద్దు, ఒకసారి వంచి సాపు చేసింది విరగడానికి సిద్ధంగా ఉంటుంది. పిన్ను నిలువుగా కూర్చునే చోట తల పైకి ఉండేలా వేయండి, స్ప్లిట్ పిన్ను ఎప్పుడైనా ఊడినా పిన్ను కింద పడిపోదు. అడ్డంగా ఉండే చోట స్ప్లిట్ పిన్ను మీకు కనిపించే వైపుకి పెట్టండి.

రాడ్డు చివర యోక్ మార్చేటప్పుడు మరలు చూసుకోండి. జపాను డిజైన్ మీద వచ్చిన చిన్న బండ్లలో సన్న మరలు ఉండడం మామూలే, పది మిల్లీమీటర్ల రాడ్డుకి 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) ఉంటుంది, బజారులో ఊరికే పది నంబరు నట్టు అడిగితే 1.5 పిచ్ ఇస్తారు. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, అక్కడ పానా వేసి బలవంతంగా తిప్పితే రాడ్డూ పోతుంది, యోక్ కూడా పోతుంది. పాత రాడ్డునే షాపుకి పట్టుకెళ్లి అక్కడే చేత్తో ఎక్కించి చూసుకుని కొనండి. మాకు కావలసినవి కొన్ని రావులపాలెంలో, మిగతావి రాజమండ్రిలో దొరికాయి, దొరకనివి లేత్ అతనే చేశాడు. ఆ ఖర్చంతా కలిపినా బండి విడదీసే కూలికి కూడా చాలదు.

రాడ్డు పొడుగు సర్దితే పోతుంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ సర్దుబాటు ఉన్నది ప్లేటు అరిగినకొద్దీ సరిచేసుకోవడానికి, పిన్నుల అరుగుదలని కప్పిపెట్టడానికి కాదు. సర్దితే ఆ వారం గేరు బాగానే పడుతుంది, కానీ పిన్ను సన్నబడుతూనే ఉంటుంది, మరలు ఒక చివరికి వచ్చేస్తాయి, లివరు కోణం మారిపోయి ఎంత తొక్కినా చాలని స్థితికి వస్తుంది. క్లచ్ పిన్ను తెగితే బండి ఆపలేక ఇబ్బంది పడతాం. బ్రేకు పిన్ను కాలవ గట్టు మీద తెగితే ఏమవుతుందో డెల్టాలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పిన్నులు, బుష్షులు కొత్తవి వేశాకే రాడ్డు సర్దండి. చాలా చిన్న ట్రాక్టర్లలో క్లచ్ పెడలుకి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే (పని మొదలయ్యేలోపు పెడలు ఊరికే దిగే దూరం) ఉంచుతారు, మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. అసలు ఫ్రీ ప్లే లేకుండా బిగిస్తే క్లచ్‌ని నొక్కి వదిలించే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఒరుసుకుంటూ కాలిపోతుంది, క్లచ్ జారడం మొదలవుతుంది, అప్పుడు నిజంగానే బండి విడదీయాల్సి వస్తుంది. పెడలు వెనక్కి లాగే స్ప్రింగు కూడా మార్చేయండి. అది సాగిపోతే పెడలు రోజంతా కొట్టుకుంటూ కొత్త పిన్నులని తినేస్తుంది.

బ్రేకు ఎడమకి లాగడం గురించి. రెండు బ్రేకు రాడ్లలో ఒకదాని పిన్నులు ఎక్కువ అరిగితే ఆ పక్క ఆలస్యంగా పడుతుంది, బండి రెండో పక్కకి లాగుతుంది. మీది ఎడమకి లాగుతోందంటే కుడివైపు లింకేజీ ముందు చూడండి. తోటలో చెట్ల మొదట్ల దగ్గర ఒకే వైపు మలుపు తిప్పే అలవాటుంటే ఒక పెడలే ఎక్కువ తొక్కుతాం, అదే ముందు అరుగుతుంది. పిన్నులు వేశాక రెండు పెడళ్ల ఫ్రీ ప్లే సమానంగా ఉండేలా సర్దండి, వెనక చక్రాలు జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టి, పెడలు వదిలినప్పుడు ఏ చక్రమూ పట్టేయడం లేదని చేత్తో తిప్పి చూడండి. రెండు పెడళ్లని కలిపే లాక్ పట్టీ, దాని పిన్ను కూడా చూడండి, రోడ్డెక్కే ముందు అది తప్పకుండా వేసి ఉండాలి. మొదటి పరీక్ష ఖాళీ చేలో తక్కువ గేర్లో చేయండి, పుంత రోడ్డు మీద కాదు. ఇంత చేసినా ఒక పక్కకే లాగుతుంటే లోపలి బ్రేకు లైనర్ల సంగతి చూడాలి.

స్టీరింగు విషయంలో మాత్రం లేత్ పనులు, వెల్డింగు అస్సలు వద్దు. ఇంకొకరిని స్టీరింగు అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడించమని మీరు టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాలు రెంటినీ కలిపే రాడ్డు చివరలు), డ్రాగ్ లింకు (స్టీరింగు నుంచి చక్రం వైపు వెళ్లే రాడ్డు) చేత్తో పట్టుకోండి, బాల్ సాకెట్లో కదులుతుంటే కొత్తది కొనాలి, దానికి మరమ్మతు లేదు. స్టీరింగు బాక్సు నుంచి బయటికొచ్చి డ్రాగ్ లింకుని కదిపే పిట్మన్ ఆర్మ్ నట్టు వదులైనా ఇదే లక్షణం వస్తుంది, ముందు అది చూసుకోండి. బాల్ జాయింటు ఊడదీయడానికి పుల్లరు ఉంటే సరే, లేకపోతే నట్టు కొన్ని చుట్లు వదిలి, ఆర్మ్ చెవికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి రెండో పక్క ఇంకో సుత్తితో కొట్టండి, ఊడి వస్తుంది. స్టడ్డు మీద పైనుంచి కొడితే మరలు నలిగిపోతాయి. పాత ఎండు తిప్పి తీసేటప్పుడు ఎన్ని చుట్లకి వచ్చిందో లెక్క పెట్టుకుని కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి, ఒక చివర ఎడమ మరలు ఉంటాయేమో చూసుకోండి. తర్వాత ముందు చక్రాల మధ్య దూరం, ఇరుసు ఎత్తులో ముందువైపూ వెనకవైపూ టేపుతో కొలవండి. ముందువైపు కొద్ది మిల్లీమీటర్లు తక్కువ రావాలి, కచ్చితమైన అంకె బండి పుస్తకంలో ఉంటుంది.

హ్యాండ్ యాక్సిలరేటరు రాడ్ల చివరలు కూడా ఓసారి చూడండి, అవి చిన్నవి, బజారులో దొరుకుతాయి. లివరు పూర్తిగా వెనక్కి లాగితే ఇంజను స్లోకి వస్తుందా, స్టాప్ లాగితే ఆగుతుందా అన్నది మాత్రం తప్పకుండా చూసుకోండి.

ఇవన్నీ ఎండాకాలం ధవళేశ్వరం నుంచి కాలవలు కట్టేసినప్పుడు పెట్టుకోండి, దాళ్వా కోతలయ్యాక బండి ఖాళీగా ఉంటుంది, లేత్ షాపుల్లోనూ పని నింపాదిగా చేస్తారు. నీళ్లు వదిలాక సార్వా దమ్ములు మొదలైతే వాళ్ల దగ్గర వరసలో నిలబడాలి, తొందరలో కొలతలు తప్పుతాయి. తుప్పు పట్టిన పిన్నులకి ముందురోజు రాత్రే డీజిల్ పోసి వదిలేస్తే పొద్దున్నే సుళువుగా వస్తాయి. విప్పే ముందు ఫోనులో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, తీసినవి తీసినట్టు ఒక తీగకి వరసగా గుచ్చి పెట్టుకోండి.

కొత్త బుష్షులకి గ్రీజు నిప్పల్ పెట్టే చోటుంటే పెట్టించండి. దమ్ము చేసిన రోజు సాయంత్రం బండి కడిగి, లోపలున్న బురద గ్రీజు బయటికొచ్చి కొత్తది కనపడేదాకా గన్ కొట్టాలి, మరుసటి రోజుకి వాయిదా వేయకూడదు, ఒండ్రు లోపలే ఎండితే బుష్షుని గీకేస్తుంది. మీది సముద్రం గాలి తగిలే చోటు కాబట్టి పని లేని రోజుల్లో కూడా అప్పుడప్పుడూ గ్రీజు పట్టించండి. పని పూర్తయ్యాక పది గంటలు నడిపి చెక్ నట్లన్నీ మళ్లీ బిగించి, పెడళ్ల ఫ్రీ ప్లే ఇంకోసారి కొలవండి, కొత్త బుష్షులు సర్దుకునేసరికి కొంచెం మారుతుంది. అన్నీ అయ్యాక కూడా, లివరు పూర్తిగా తిరుగుతున్నా గేరు అరుస్తూనే ఉంటే, అప్పుడు మీ మెకానిక్‌ని పిలిచి బండి విడదీయించండి. ప్లేటుతో పాటు రిలీజ్ బేరింగు కూడా మార్చేయమనండి.