పాడుబడిన పెరటి కొలనును పూర్తిగా తోడేసి శుభ్రం చేయాలా?

అక్కర్లేదు, నీరంతా ఒక్కసారిగా తోడేయకుండా, గుర్రపుడెక్కనూ అడుగు బురదనూ మూడు నాలుగు విడతలుగా కొంతకొంత తీయాలి. దోమ గుడ్డు నుంచి రెక్కలు విప్పడానికి మన ఎండలకు వారం పది రోజులు చాలు గానీ, దోమ పిల్లలను తినే తూనీగ పిల్లలు నీటిమొక్కల మధ్య, బురదలో వారాలు, నెలల పాటు పెరుగుతాయి కనుక, అన్నీ ఊడ్చేస్తే ముందుగా తిరిగొచ్చేది దోమే. ఉదాహరణకు, గుంటూరులోని పెరటి కొలనైతే, కప్పలు గుడ్లు పెట్టే వానాకాలం దాటాక, డిసెంబరు, జనవరి నెలల్లో ఒక మూల నుంచి మొదలుపెట్టి, తీసిన డెక్కను ఒక రాత్రి నీటి అంచునే ఉంచాలి. నల్లటి వేళ్ళ కుచ్చుల్లో చిక్కుకున్న నత్తలు, పురుగులు చాలావరకు తిరిగి నీళ్ళలోకి జారుకుంటాయి. దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదిలితే అన్నీ సర్దుకుంటాయన్నది చాలామందికి ఉన్న అపోహ. అవి కప్పల గుడ్లనూ తోకకప్పలనూ కూడా తింటాయి కాబట్టి, కప్పలు నిలవాలనుకునే కొలనులో వాటిని వదలనే కూడదు.