మూడు వందల పదాలు వచ్చు, మూడు వాక్యాలు రావట్లేదు

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్వ్యూలకు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు పనికొస్తాయని అలవాట్లు, మోటివేషన్ గురించిన ఇంగ్లిష్ పదాలు మూడు వందల దాకా నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పట్టాను. పర్సివరెన్స్, డిటర్మినేషన్, ప్రోక్రాస్టినేషన్... అర్థాలన్నీ వచ్చు. కానీ మాక్ ఇంటర్వ్యూలో 'వాట్ మోటివేట్స్ యూ?' అని అడిగితే రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇంకా ఎన్ని పదాలు నేర్చుకోవాలి?

జవాబు: కొన్నాళ్లపాటు ఒక్కటి కూడా వద్దు. మీ దగ్గర పదాలకు కొదవ లేదు. వాటి పక్కన ఏ మాట వస్తుందో తెలియకపోవడమే మీ ఇబ్బంది.

తెలుగులోనే చూడండి. అలవాటు 'చేసుకుంటాం', అలవాటు 'పడతాం', అలవాటు 'మానుకుంటాం', రోజూ చేసేది ఆపేస్తే అలవాటు 'తప్పుతుంది'. ఈ జతలు మనకెవరూ జాబితా రాసి నేర్పలేదు. ఇంగ్లిష్‌కీ అలాంటి జతలున్నాయి, కాకపోతే వేరేవి. మంచి అలవాటును 'ఫార్మ్' చేస్తారు, చెడ్డదాన్ని 'బ్రేక్' చేస్తారు, సిగరెట్ లాంటిదైతే ఏకంగా 'కిక్' చేస్తారు. తెలియకుండా అంటుకున్న అలవాటైతే 'పికప్' అంటారు. మీ నోట్‌బుక్‌లో 'హాబిట్ అంటే అలవాటు' అని ఉంటే ఆ లైను కొట్టేసి, ఈ నాలుగు జతలు రాసుకోండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడే చోటు ఇంకొకటుంది: 'యూజ్డ్ టు'. 'ఐ యూజ్డ్ టు గెట్ అప్ లేట్' అంటే ఒకప్పుడు ఆలస్యంగా లేచేవాణ్ని, ఇప్పుడు లేదు అని. 'ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ' అంటే పొద్దున్నే లేవడం నాకు అలవాటే, కష్టం కాదు అని. మధ్యలో 'యామ్' చేరగానే అర్థం మారిపోయింది, వెనక క్రియకు 'ఇంగ్' వచ్చింది. ఇప్పుడు రోజూ చేసే పనికి ఈ రెండూ అక్కర్లేదు, 'ఐ యూజువల్లీ గెట్ అప్ ఎట్ ఫైవ్' చాలు. నా మొదటి ఇంటర్వ్యూలో నేను 'ఐ యూజ్డ్ టు వర్క్ హార్డ్' అని గర్వంగా చెప్పాను. 'మరి ఇప్పుడు?' అని అడిగారు. వాళ్లెందుకు నవ్వారో ఇంటికొచ్చాక గానీ నాకు అర్థం కాలేదు. మనలో చాలామంది 'హాబిచ్యుయేటెడ్' అని కూడా అంటుంటారు. తప్పు కాదు గానీ మాటల్లో మరీ బరువుగా ఉంటుంది.

'రోజూ వెళ్తున్నాను' అనే తెలుగు వాక్యం 'డైలీ ఐ యామ్ గోయింగ్' అయిపోవడం కూడా ఇలాంటిదే. అలవాటుగా చేసేదానికి 'ఐ గో ఎవ్రీ డే' అనాలి. 'ఐ యామ్ ఇంటరెస్టింగ్ ఇన్ కోడింగ్' అంటే నేనే ఆసక్తికరమైన మనిషినని చెప్పుకున్నట్టు! ఆసక్తి మీకుంటే 'ఇంటరెస్టెడ్', మీలో ఆసక్తి పుట్టించే పనైతే 'ఇంటరెస్టింగ్'. 'మోటివేటెడ్', 'మోటివేటింగ్' మధ్య తేడా కూడా ఇంతే.

ఇప్పుడు మీరు ఆగిపోయిన ప్రశ్నకు వద్దాం. చాలామంది 'ఐ యామ్ ఎ హైలీ మోటివేటెడ్, డెడికేటెడ్ పర్సన్' అంటారు. వినేవాళ్లకు ఇందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. దీని బదులు ఇలా చెప్పి చూడండి: 'ఐ యూజ్డ్ టు పుట్ థింగ్స్ ఆఫ్ అంటిల్ ద లాస్ట్ మినిట్. నౌ ఐ స్టార్ట్ విత్ ద ఈజియెస్ట్ పార్ట్. వన్స్ ఐ సీ సమ్ ప్రోగ్రెస్, ఐ స్టిక్ టు ఇట్.' ఇందులో ఒక్క పెద్ద పదం లేదు. అయినా మనిషి కనిపిస్తున్నాడు. ప్రోక్రాస్టినేట్ అంటే పని వాయిదా వేయడం, 'పుట్ ఆఫ్' అన్నా అదే. ఆ మాటలో దాక్కున్న లాటిన్ 'క్రాస్'కు అర్థం 'రేపు'. మన 'రేపు మాపు' లాంటిదే. పదం బాగుంది, రాతలో వాడుకోండి. మాట్లాడేటప్పుడు 'పుట్ ఆఫ్' తేలిగ్గా నోరు తిరుగుతుంది.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో నాలుగు అంశాలకు సమానంగా మార్కులు వేస్తారు. పదసంపద అందులో ఒకటి మాత్రమే. అక్కడ కూడా అరుదైన పదాలు గుప్పించడం కన్నా సరైన జతలు వాడటమే కలిసొస్తుంది. రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. మీ ప్రాక్టీసు దాన్నిబట్టే పెట్టుకోండి. ఆ మూడు వందల్లోంచి మీ జీవితానికి నిజంగా తగిలే నలభై పదాలు ఏరండి. రోజుకు మూడింటితో మీ గురించి మూడు నిజమైన వాక్యాలు రాయండి. అబద్ధపు వాక్యం గుర్తుండదు. రాత్రి ఆ రోజు చేసిందీ, వాయిదా వేసిందీ ఒక్క నిమిషం ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు, ఫర్వాలేదు.

నేర్చుకున్నవి మర్చిపోతున్నానని టెన్షన్ పడకండి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థంలేని అక్షరాలను తన మీదే ప్రయోగించుకుని, మొదటి గంటల్లోనే మరుపు ఎక్కువని 1885లోనే రాశాడు. ఒకే రోజు పదిసార్లు చదవకండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు ఒక్కోసారి చూసుకోండి. పేజీ మూసేసి గుర్తు తెచ్చుకున్నాకే తెరవండి.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందన్న మాట మీరూ వినే ఉంటారు. దాన్ని నమ్మి ఇరవై రెండో రోజు నిరాశ పడొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అప్రయత్నంగా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 దాకా పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా వాళ్లు గమనించారు. పరీక్ష రోజు రికార్డింగ్ మానేసినా గిల్టీగా ఫీలవకండి, మర్నాడు మొదలుపెట్టండి.

ఇవాళ రాత్రికి మొదటి వాక్యం నేనే ఇస్తాను: 'ఐ యూజ్డ్ టు మెమరైజ్ లాంగ్ వర్డ్ లిస్ట్స్.' రెండోది మీరు రాయండి, 'నౌ' అని మొదలుపెట్టి.