చీరలమ్మే వెబ్‌సైట్‌కు కంప్యూటర్ చదువు కావాలా?

ప్రశ్న: మావారు, మా మామగారు మంగళగిరిలో సొంతంగా నూలు కొని గుంట మగ్గాల మీద చీరలు నేస్తారు. ఇన్నాళ్లూ దుకాణాలవారికే టోకున వేశాం. ఇప్పుడు వెబ్‌సైట్ పెట్టి నేరుగా అమ్మాలని నా కోరిక. నేను ఇంటర్ వరకే చదివాను, ఫోన్ తప్ప కంప్యూటర్ వాడడం రాదు. ఒక సంస్థవారు 60 వేల రూపాయలకు అంతా తామే చేసిపెడతామంటున్నారు. ఇవ్వవచ్చా? లాభం వస్తుందా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే ఇవ్వకండి. ఇంటర్నెట్‌లో దుకాణం పెట్టుకోవడానికి వీలిచ్చే షాపిఫై, ఇన్‌స్టామోజో వంటి సేవల్లో దుకాణం నమూనాలు సిద్ధంగా ఉంటాయి. వాటిలో ఫొటో, ధర, వివరం నింపడమే మీ పని, అది ఫోన్‌లోనూ చేసుకోవచ్చు. వాట్సాప్‌లో చీర ఫొటో పంపడం, డబ్బు పడిందో లేదో చూసుకోవడం వచ్చినవారికి ఇది కొద్దిరోజుల్లో పట్టుబడుతుంది.

లాభానికి లెక్క వేద్దాం. దుకాణానికి 1,400 రూపాయలకు వేసే చీరను మీరు 1,800కు అమ్మారనుకుందాం. పైన మిగిలిన 400లో కొరియరుకూ ప్యాకింగుకూ 110 పోతుంది; పేమెంట్ గేట్‌వే, అంటే కొన్నవారి డబ్బును ఆన్‌లైన్‌లో తీసుకుని మీకు చేర్చే సేవ, రెండు శాతం రుసుము, దానిపై జీఎస్టీ కలిపి 42 రూపాయల దాకా తీసుకుంటే మీ చేతికి మిగిలేది సుమారు 250. సైటు ఖర్చు ఏడాదికి 12 వేలైతే, 48 చీరలు అమ్మాకగాని పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఆ 60 వేలు కూడా పెడితే మరో 240 చీరలు అమ్మాలి. అందుకే ముందు ఖర్చులేని వాట్సాప్ బిజినెస్ కేటలాగుతో మొదలుపెట్టి, నెలకు పదిహేను ఇరవై చీరలు పోతున్నప్పుడు సైటుకు వెళ్లమని నా సలహా.

మీ శ్రద్ధంతా ఉండవలసింది ఫొటోలో, వివరంలో. చీరను తాకి చూడలేని మనిషికి మీరే కళ్లూ చేతులూ కావాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో రంగు వెలిసినట్టు పడుతుంది కాబట్టి, పొద్దుటిపూట వసారాలో వెలుతురు ఉన్నప్పుడు తీయండి: మడత విప్పిన చీర ఒకటి, పైటచెంగు ఒకటి, నిజాం అంచు అనే జరీ అంచు పక్కన అగ్గిపెట్టె పెట్టి వెడల్పు తెలిసేలా ఒకటి. కింద “పొడవు ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క లేదు, 80 కౌంటు నూలు, మొదటిసారి విడిగా ఉతకాలి” అని ఉన్నదున్నట్టు రాయండి. జాకెట్టు ముక్క లేదన్న ఒక్క మాట రాయకపోతే చీర తిరిగొస్తుంది, రానుపోను కొరియరు ఖర్చు మీ నెత్తిన పడుతుంది. చేనేత బట్టలకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే గుర్తు, హ్యాండ్‌లూమ్ మార్క్, తీసుకుంటే మరమగ్గం చీర కాదని చెప్పడానికి మీకొక ఆధారం ఉంటుంది. వేరే రాష్ట్రాలకు పంపేటప్పుడు జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలో, చేనేతకున్న మినహాయింపు మీకు వర్తిస్తుందో ఆడిటరును అడగండి.

ఒక విషయంలో మాత్రం ఎవరినీ నమ్మవద్దు. సైటు పేరు, అంటే డొమైన్, మీ పేరిట, మీ ఈమెయిలుతో, మీ ఫోన్ నంబరుతోనే నమోదు కావాలి. నాకు తెలిసిన ఒకావిడ చీరల సైటును, చేసిపెట్టిన కుర్రాడు తన ఈమెయిలుతో నమోదు చేశాడు. అతను ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాక ఆ డొమైన్ గడువు తీరింది, డబ్బు కట్టి గడువు పొడిగించుకోమనే రెన్యువల్ నోటీసులన్నీ అతనికే వెళ్లాయి, ఆ పేరును మరొకరు కొనేశారు. మూడేళ్లుగా సంచుల మీద అచ్చువేయించుకున్న పేరు ఆమెది కాకుండా పోయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు పూడుకుపోవడం నేను మరచిపోలేదు. మొదటి ఏడాది తక్కువ ధర చూపి రెండో ఏడాది పెంచడం మామూలే కాబట్టి, కొనేముందే రెన్యువల్ ధర అడిగి, గడువు తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.